చావు ఇంట్లో చందా పుస్తకం తెరవకండి: సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్థానిక కమిటీల సభ్యులకు, కోశాధికారులకు, సమాధుల తోటల నిర్వహణ చూసే సోదరులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

నేను ముప్పయి నాలుగేళ్లు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించాను. మా సంఘంలో స్త్రీల సమాజం సభ్యురాలిని. సంఘ సభ్యులు నెలనెలా కట్టే చందా బాకీ ఉంటే, అది కట్టేదాకా శవాన్ని పాతిపెట్టనివ్వని పద్ధతి గురించే ఈ లేఖ. ఈ సంగతి మొదట పెద్దలకు నోటితో చెప్పాను. తరువాత కమిటీకి కాగితం రాసి ఇచ్చాను. ఆ తరువాత కాపరి అయ్యగారికి, చివరికి పై కార్యాలయానికి పంపాను. పద్నాలుగు నెలల్లో మూడు వినతిపత్రాలు. మొదటిదానికి ‘నిబంధనల ప్రకారమే జరిగింది’ అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎవరినీ వీధిలో నిలబెట్టాలని నాకు లేదు. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదని మీకూ తెలుసు.

కిందటేడు ఏప్రిల్‌లో మా వీధిలో ఒక అక్క డెబ్బై ఒకటో ఏట ప్రభువునందు నిద్రించింది. భర్త పోయి చాలా ఏళ్లయింది. నాలుగిళ్లలో అంట్లు తోమి ఒక్కగానొక్క కూతురిని పెంచింది. ఒళ్లు సహకరించినన్నాళ్లూ శనివారం సాయంత్రం మందిరానికి వెళ్లి, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బల్ల మీద తెల్లగుడ్డ మార్చి వచ్చేది. దానికి జీతం లేదు. ఆమె అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు. చివరి మూడేళ్లు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేదు. ఆ మూడేళ్లలో ఆమెను చూడడానికి సంఘం తరఫున వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చందా బకాయి మాత్రం పుస్తకంలో నెలనెలా పెరుగుతూనే ఉంది.

తెల్లవారుజామున ప్రాణం పోయింది. ఎనిమిది గంటలకు అల్లుడు సమాధుల తోట తాళం కోసం వెళితే, కోశాధికారి పుస్తకం తీసుకుని ఇంటికే వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. వాళ్ల అమ్మగారికి నెలల తరబడి ఇంజెక్షన్లు చేసినదాన్ని, ఆ కుటుంబం సంగతి నాకు తెలుసు. తనకు అప్పగించిన పని చేయడానికే వచ్చారు. పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. ఆమె పేరు ఉన్న వరుస దొరికాక ఖాళీ గడుల మీద వేలు పెట్టి ఒక్కో నెలా చదవడం మొదలుపెట్టారు. కూతురు తల్లి ముఖం వదిలి ఆ వేలినే చూస్తోంది. నెలకు అరవై రూపాయల చొప్పున ముప్పయ్యారు నెలలు, 2,160 రూపాయలు. సమాధి స్థలానికి 5,000. మొత్తం 7,160 కడితే రశీదు, రశీదు చూపిస్తే తాళం.

డబ్బు నేనిస్తానన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ‘మా అమ్మ పరాయివాళ్ల డబ్బుతో మట్టిలోకి వెళ్లిందని అనిపించుకోలేను పిన్నీ’ అంది. చెవుల కమ్మలు తీసి భర్త చేతిలో పెట్టింది. ఆదివారం కావడంతో తాకట్టు కొట్టు మూసి ఉంది. షాపు యజమానిని ఇంటి దగ్గర వెతికి పట్టుకుని, బతిమాలి, డబ్బు తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ఎండలో ఐసు పెట్టె అద్దెకు తెచ్చి అక్కను అందులో ఉంచాం. సాయంత్రం నాలుగున్నరకు గానీ భూస్థాపన జరగలేదు. కమ్మలు తీసిన చెవులకు చీపురుపుల్లలు పెట్టుకుని ఆ పిల్ల తల్లి మీద మట్టి వేసింది.

అంతకు ముందు ఒక పని నా చేతుల మీదుగా జరిగింది, అది మీకు చెప్పాలి. స్నానం చేయించింది నేను, మరో ఇద్దరు ఆడవాళ్లం. పాదాలు కడుగుతుంటే మడమల పగుళ్లలో సున్నంలా తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. ఏళ్ల తరబడి నీళ్లలో నిలబడి అంట్లు తోమిన కాళ్లు. ఎంత రుద్దినా అది పోలేదు. పట్టబడిన రాత్రి నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు (యోహాను 13) ఆ పాదాలను ఎట్లా పట్టుకునేవాడో అనుకుంటూ కడిగాను. గుమ్మం బయట అప్పటికింకా బకాయి మాటలే నడుస్తున్నాయి.

అయ్యలారా, మనం నమ్మిన ప్రభువుకు సొంత సమాధి లేదు. సాయంకాలమయ్యాక అరిమతయియ యోసేపు పిలాతు దగ్గరికి వెళ్లి దేహాన్ని అడిగి తీసుకుని, తనకోసం రాతిలో తొలిపించుకున్న కొత్త సమాధిలో ఉంచాడని మత్తయి 27లో ఉంది. నీకొదేము బోళము కలిపిన అగరు మోసుకొచ్చాడని యోహాను రాశాడు. ఆ ఇద్దరూ పేరున్న పెద్దమనుషులు. నేరస్థుడిగా చనిపోయినవాడి దేహాన్ని ముట్టుకుంటే తమ పరువు ఏమవుతుందో వాళ్లకు తెలుసు. సాయంత్రం అయిపోతోందనీ ఆ దేహానికి ఒక చోటు కావాలనీ మాత్రమే చూశారు. ప్రతి శుభ శుక్రవారం యోసేపును తలచుకుంటున్న మనం, మన తోట తాళం ఎవరి చేతిలో ఉందో ఆయనతో పోల్చి చూసుకోవాలి.

అదే అధ్యాయంలో ఇంకొకటి ఉంది. ప్రభువును పట్టించిన యూదా విసిరేసి వెళ్లిన ముప్పయి వెండి నాణేలతో ప్రధాన యాజకులు కుమ్మరివాని పొలం కొన్నారు. దేనికి? పరదేశులను పాతిపెట్టడానికి. ప్రభువును సిలువకు అప్పగించినవాళ్లు కూడా ఊరుగాని ఊళ్లో చచ్చినవాడికి ఆరడుగుల నేల ఉండాలని తలిచారు. ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ముందుకు చదవలేకపోతున్నాను.

సంఘంలో పుస్తకం పెట్టడం తప్పని నేను అనడం లేదు. ఆది సంఘానికీ ఒక పట్టీ ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో అరవై ఏళ్లకు తక్కువ కాని విధవరాండ్రను లెక్కలో చేర్చుకోమని ఉంది. సంఘం ఎవరిని పోషించాలో తెలియడం కోసం రాసిన పట్టీ అది. క్రీ.శ. 251 ప్రాంతంలో రోమా సంఘ బిషప్పు కొర్నేలి రాసిన ఉత్తరంలో, ఆ ఒక్క నగరంలోనే పదిహేను వందలకు పైగా విధవరాండ్రను, దిక్కులేనివారిని సంఘం పోషిస్తోందని లెక్క ఉంది. అప్పటికి క్రైస్తవుడై ఉండడమే ప్రమాదం. అక్క వయసుకు ఆ రోజుల్లో ఆమె పేరు ఏ పట్టీలో ఉండేదో, మన పుస్తకంలో ఏ వరుసలో ఉందో మీరే చూడండి.

చందా మాటకు వస్తే, క్రీ.శ. 197 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత తమ సంఘాల సంగతి రోమా అధికారులకు వివరిస్తూ ఇలా చెప్పుకొచ్చాడు: నెలకొకసారి ఎవరికి తోచినంత వాళ్లు వేస్తారు, అదీ ఇష్టమైతే, చేతనైతేనే, ఎవరినీ బలవంతం చేయరు, ఆ డబ్బు పేదలకు అన్నం పెట్టడానికి, పేదలను పాతిపెట్టడానికి, అనాథలకు, ముసలివారికి వెళుతుంది. పేదలను పాతిపెట్టడానికి చందా! మనం దాన్ని తిరగేసి, చందా కట్టకపోతే పాతిపెట్టనివ్వం అంటున్నాం. మన విశ్వాసాన్ని ద్వేషించిన రోమా చక్రవర్తి జూలియన్ 362లో గలతీయ ప్రాంతంలోని తన మతపు ప్రధానార్చకుడికి రాసిన ఉత్తరంలో క్రైస్తవుల మతం పెరగడానికి కారణాలు చెబుతూ, పరాయివారి పట్ల వాళ్లు చూపే దయనూ, చనిపోయినవారి సమాధుల విషయంలో వాళ్లు తీసుకునే శ్రద్ధనూ లెక్కపెట్టాడు. ‘వాళ్లు తమ పేదలతోపాటు మన పేదలనూ పోషిస్తుంటే మనకు సిగ్గుచేటు’ అని కూడా తనవాళ్లతో అన్నాడు. శత్రువు కూడా సమాధుల దగ్గరే మనల్ని గుర్తుపట్టాడు.

అంత దూరం వెళ్లనవసరం లేదు. 1876 నుంచి 1878 వరకు సాగిన పెద్ద కరువులో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. సహాయం సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఊరిబావి దగ్గరికి కూడా రానివ్వనివాళ్లు. మెదక్‌లో పాస్నెట్ దొర కరువు రోజుల్లో పని కల్పించి అన్నం పెడుతూ కట్టించిన దేవాలయం 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ అయింది. 1898లో గుంటూరులో అన్నా కుగ్లర్ దొరసాని తెరిచిన ఆసుపత్రి, 1915లో డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ దొరసాని నిలబెట్టిన కుష్ఠురోగుల ఆసుపత్రి నాలాంటి నర్సులకు పుట్టిళ్లవంటివి. డిచ్‌పల్లి ఆసుపత్రికి డబ్బిచ్చి నిలబడిన దాతల్లో నర్సాగౌడ్ అనే హిందూ భాగ్యవంతుడు ఉన్నారని మా పెద్ద నర్సు ప్రతి కొత్త బ్యాచికీ చెప్పేవారు. ప్రభువు చెప్పిన కథలో గాయపడినవాడిని ఎత్తుకుని వెళ్లిన సమరయుడు మనవాడై ఉండనక్కరలేదని ఆమె మాకు నేర్పిన పాఠం అది.

ఆకలితో ఉన్నవాడిని ముందు నీ మతమేమిటని అడగని చోట మన సంఘాలు పుట్టాయి. ఇవాళ శవం దగ్గర రశీదు అడుగుతున్నాయి. దీనివల్ల సామాన్య విశ్వాసుల ఇళ్లలో ఏం జరుగుతోందో ఇరవై ఊళ్లు తిరిగిన నర్సుగా, స్త్రీల సమాజం తరఫున ఇళ్లకు వెళ్లే మనిషిగా చూసినది చెబుతాను.

1. చందా బాకీ పడిన కుటుంబం మొదట చేసే పని మందిరానికి రావడం మానేయడం. కూలి దొరకని నెలల్లో, పిల్లల ఫీజుల నెలల్లో అరవై రూపాయలు కూడా మిగలవు. రెండు నెలలు ఆగితే కోశాధికారి కళ్లలో పడడానికి సిగ్గు. ఆ సిగ్గు ఆరు నెలలకు అలవాటవుతుంది. మీరు వాళ్లను వెనకబడిన విశ్వాసులని ప్రార్థనలో తలుస్తారు. వాళ్లు ఇంట్లో మోకాళ్ల మీదే ఉంటారు. ఇటువంటి ఇళ్లు నాకు తెలిసినవే పదకొండు.

2. కొన్ని చోట్ల బకాయిదారుల పేర్లు ఆరాధనలో ప్రకటనలతోపాటు చదువుతున్నారు, తలుపుకు అంటిస్తున్నారు. ఆ పేర్లలో ఎక్కువ విధవరాళ్లవి, ముసలివాళ్లవి, రోగులవి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి బీదవాడిని అక్కడ నిలబడమనడాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో ఖండించాడు. పేరు చదివించుకున్న మనిషి ఆ తరువాత రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఎలా నడిచి వస్తాడు? మా వీధిలో ఒక పెద్దాయన తన పేరు విన్న ఆదివారం నుంచి పోయేవరకు బల్ల తీసుకోలేదు.

3. చావు ఇంట్లో అప్పు పుడుతోంది. పెట్టె, బండి, ఐసు పెట్టె, గొయ్యి తవ్వే కూలి, వచ్చినవాళ్లకు భోజనం, ఇవన్నీ ఎటూ తప్పవు. వాటి పైన సంఘం వేసే బరువే చాలామందిని వడ్డీ వ్యాపారి దగ్గరికి నడిపిస్తోంది. నేను చెప్పిన కూతురి కమ్మలు ఇప్పటికీ తాకట్టులోనే ఉన్నాయి. వడ్డీ కడుతోంది, అసలు కదలడం లేదు.

4. తమ ప్రాణం తామే తీసుకున్నవారి కుటుంబాలకు జరిగేది అన్నింటికన్నా కఠినం. అప్పులకు, పరీక్షలకు, ఇంటి హింసకు తట్టుకోలేక పోయినవారిని కొన్ని సంఘాలు గేటు బయటే ఆపుతున్నాయి, లేదా గోడవారగా, పాట లేకుండా, కాపరి లేకుండా పాతిపెట్టిస్తున్నాయి. నేను ఆసుపత్రిలో పురుగుమందు తాగినవారి పక్కన రాత్రులు కూర్చున్నాను. వాళ్లలో చాలామంది చివరి గంటల్లో బతికించమనే అడిగారు. ఆ పిలుపు దేవుడు విన్నాడో లేదో తీర్పు చెప్పే అధికారం మనకెవరు ఇచ్చారు? కతోలిక సంఘం 1917 ధర్మశాస్త్రంలో ఇటువంటివారికి భూస్థాపన నిరాకరించింది. 1983లో కొత్త శాస్త్రం రాసినప్పుడు ఆ మాట తీసేసింది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని చెబుతోంది. చట్టానికి ఉన్నపాటి కనికరం సంఘానికి ఉండవద్దా? కొడుకు పోయిన తల్లి ఆ గోడవారన ఒంటరిగా నిలబడడం నేను చూశాను. ఆ తల్లి పాపమేమిటి?

5. బయట మన పరిస్థితి కూడా చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక కాపరి 2025 జనవరి 7న చనిపోతే, సొంత ఊళ్లో పాతిపెట్టనివ్వక, దేహం మూడు వారాలు శవాగారంలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు వేరయ్యాయి, చివరికి దూరాన ఉన్న క్రైస్తవుల శ్మశానంలో భూస్థాపన చేయమన్నారు. ఆ వార్త చదివి మన మందిరాల్లో ప్రార్థనలు చేశాం, చేయవలసిందే. ఇక కేరళలో రెండు క్రైస్తవ వర్గాల తగాదాలో శవాలు ఆగిపోతుంటే, భూస్థాపన ఎవరూ అడ్డుకోకుండా 2020లో ప్రభుత్వమే చట్టం చేయవలసి వచ్చింది. క్రైస్తవుడి దేహాన్ని క్రైస్తవుల నుంచి కాపాడడానికి చట్టం! తెలుగునాట ఆ రోజు రాకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది.

మీ వైపు మాట కూడా నాకు తెలుసు. తోటకు గోడ కావాలి, కాపలా మనిషికి జీతం కావాలి, స్థలం తరిగిపోతోంది, చందా పట్టుదల వదిలితే ఉన్నవాళ్లు కూడా కట్టరు, కొందరికి సంఘం చావుకే గుర్తొస్తుంది అంటారు. ఇందులో అబద్ధం లేదు. కట్టగలిగి కట్టనివాళ్లు ఉన్నారు, నాకూ తెలుసు. వాళ్ల దగ్గర బతికున్నప్పుడు అడగండి, గట్టిగా అడగండి. శవాన్ని తాకట్టుగా పెట్టుకుని వసూలు చేసేది మాత్రం చందా కాదు. స్థలం మాట ఎత్తారు గనుక చెబుతున్నాను: మా తోటలో దక్షిణం వైపు సగభాగం గ్రానైటు కట్టడాలదే. కుటుంబానికి నాలుగేసి చోట్లు ముందే కట్టి, గొలుసులు వేసి ఉంచారు. వాటిలో కొన్నింటి యజమానులు విదేశాల్లో స్థిరపడ్డారు, అక్కడే కన్నుమూస్తారు. ఆ ఖాళీ గొలుసుల పక్క నుంచే అక్కను మోసుకెళ్లి చివరన రాళ్ల నేలలో పెట్టాం. స్థలం లేనిది ఎవరికి?

కట్టగలవారు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారని కూడా నాకు తెలుసు. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, బియ్యం కడిగేముందే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. మూత మీద సొట్ట పడిన నూనె డబ్బా అది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా ఆ డబ్బా ముట్టుకునేది కాదు. ‘అది మనది కాదే’ అనేది. ఆదివారం ఆ పిడికెడు బియ్యం మందిరానికి వెళ్లి అక్కడి నుంచి అంతకన్నా లేనివాళ్లకు వెళ్లేది. మా ఇంటికన్నా లేని ఇల్లు ఉందని చిన్నప్పుడు నమ్మలేకపోయేదాన్ని. ఈ అలవాటు మన సంఘాల ఆడవాళ్లలో ఇంకా చావలేదు. అడిగి చూడండి.

కాబట్టి మిమ్మల్ని నేను అడుగుతున్నవి ఇవి.

6. చావు కబురు అందిన క్షణం నుంచి భూస్థాపన పూర్తయ్యేవరకు ఏ సంఘంలోనూ చందా పుస్తకం తెరవకూడదు, ఏ బకాయీ ఎత్తకూడదు. ఈ మాట తీర్మానంగా రాసి మందిరం తలుపు మీద పెట్టాలి. తోట తాళం కాపరి దగ్గర కూడా ఒకటి ఉండాలి. చనిపోయినవారి బకాయి వారితోనే రద్దు కావాలి, పిల్లల పేరు మీదికి మార్చకూడదు.

7. విధవరాళ్లు, అరవై దాటినవారు, మంచాన పడినవారు, వికలాంగులు, పని లేని కూలీలు చందా నుంచి అడగకుండానే మినహాయింపు పొందాలి. మినహాయించమని అర్జీ రాయించుకునే పద్ధతి వద్దు. బీదనని కమిటీ ముందు నిలబడి నిరూపించుకోవడం బకాయి పేరు చదివించుకోవడం కన్నా తక్కువ అవమానమేమీ కాదు. పేర్లు చదవడం, అంటించడం వెంటనే ఆగాలి.

8. ప్రతి సంఘంలో భూస్థాపన నిధి ఒకటి వేరుగా పెట్టాలి. పిడికెడు బియ్యం, కోతపండుగ కానుకల్లో కొంత, ఇవ్వగలవారి ఇష్టపూర్వక కానుక అందులోకి వెళ్లాలి. లేని ఇంట్లో చావు జరిగితే పెట్టె, బండి, గొయ్యి ఖర్చు అందులోంచి, అడగకముందే వెళ్లాలి. ఎవరికి ఇచ్చారన్నది కాపరికి, మరో ఇద్దరికి తప్ప తెలియకూడదు. ఎంత వచ్చింది, ఎంత వెళ్లిందన్నది మాత్రం ఏటా అందరికీ చదివి వినిపించాలి.

9. ముందుగా చోట్లు కట్టి ఉంచుకోవడం ఆపాలి. ఖాళీ కట్టడాల సంగతి ఆ కుటుంబాలతో ప్రేమగా మాట్లాడి తేల్చాలి. సమాధికి కొలత ఒకటే ఉండాలి, వరుస చావు వచ్చిన వరుసలో సాగాలి. కులం వారీగా, కుటుంబం వారీగా విడదీసిన మూలలు ఎక్కడున్నా కలిపేయాలి. క్రీస్తులో అందరూ ఒక్కటేనని చెప్పే గలతీయుల పత్రిక మూడో అధ్యాయాన్ని బాప్తిస్మమప్పుడు చదివి, గొయ్యి దగ్గర మరచిపోకూడదు.

10. ఆత్మహత్య చేసుకున్నవారికి, సంఘం బయట పెళ్లాడినవారికి, సభ్యత్వం పుస్తకంలో లేనివారికి, హెచ్‌ఐవీతో పోయినవారికి భూస్థాపన నిరాకరించకూడదు. కాపరి రావాలి, పాట పాడాలి. కాపరి రాలేకపోతే సంఘ పెద్ద ఒకరు రావాలి.

11. తోటలో కొంత చోటు దిక్కులేనివారి కోసం వదలాలి. ప్రభుత్వ ఆసుపత్రి శవాగారాల్లో ఎవరూ రాని దేహాలు ఎలా పడి ఉంటాయో నేను నా కళ్లతో చూశాను. మతం తెలిస్తే వారి పద్ధతి వారిది. క్రైస్తవుడని తెలిసినవాడు, ఏమీ తెలియనివాడు మనకు అప్పగించబడితే తీసుకుందాం. మా యువకులు గొయ్యి తవ్వుతామని ఇప్పటికే నాతో అన్నారు. స్నానం చేయించే పని నేనూ, స్త్రీల సమాజంలో ఇంకో నలుగురమూ చేస్తాం.

12. మంచాన పడినవారి ఇళ్లకు వెళ్లడానికి వారం వారీ పట్టీ రాయాలి. ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో నెలాఖరున కమిటీ చూడాలి. నేను చెప్పిన అక్క ఇంటికి మూడేళ్లలో ఎవరైనా నెలకొకసారి వెళ్లి ఉంటే ఆమె చందా కట్టలేకపోతోందన్న సంగతి పుస్తకం చెప్పేదాకా తెలియకుండా ఉండేదా?

ఇలా బహిరంగంగా రాయడం సంఘాన్ని చీల్చడమని ఇద్దరు పెద్దలు నాతో అన్నారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తెరవమని వారిని వినయంగా కోరుతున్నాను. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వారిని నోరు మూసుకోమనలేదు. సంఘమంతటినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే, అంటే ఎవరు సణిగారో వారి మధ్య నుంచే పరిచారకులను పెట్టుకున్నారు. సంఘంలో మొదటి కమిటీ ఒక ఫిర్యాదు విన్నందువల్ల పుట్టింది. ఆ తరువాతి మాట, దేవుని వాక్యం ప్రబలిందనీ, శిష్యుల సంఖ్య బహుగా విస్తరించిందనీ.

నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది. తోటలన్నీ శుభ్రం చేసి, సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ రోజుకు ముందు మీ కమిటీల్లో ఈ ఏడు కోరికలనూ చర్చకు పెట్టండి. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు, ఒప్పుకోనిది ఎందుకో కారణంతో సహా రాసి సంఘం ముందు చదవండి. మా సంఘం కమిటీ మొదటి కోరిక (పైన ఆరో అంశం) ఒక్కటి ఒప్పుకుని తలుపు మీద పెట్టినా, అక్క సమాధికి సిలువ చేయించే ఖర్చు స్త్రీల సమాజం భరించాలనుకుంటోంది. ఇప్పటివరకు అక్కడ గుర్తుగా ఒక ఇటుక మాత్రమే ఉంది, వానలకు సగం కూరుకుపోయింది.

ప్రభువు సేవలో మీ సహోదరి,
ఒక విశ్రాంత నర్సు, స్త్రీల సమాజం సభ్యురాలు